బొట్టు పెట్టిన సీసాలు

కార్తీకం దగ్గరపడుతుంటే మా ఊళ్ళో నల్ల బట్టలు బయటికొస్తాయి. బట్టల కొట్ల ముందు నల్ల లుంగీలు, నల్ల కండువాలు వేలాడతాయి. మా వీధి చివర ఖాళీ స్థలంలో పందిరి వేసి అయ్యప్ప పటం పెడతారు. సాయంత్రమైతే భజన మొదలవుతుంది. ఊరందరికీ అది సందడి. నాకు మాత్రం కాదు. అన్ని గొంతుల మధ్య ఒక గొంతు కోసం నా చెవి వెతుక్కుంటుంది. ఆ గొంతున్న మనిషి పోయి ఐదేళ్ళు దాటింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, నా చెవికే తెలియదు.

నేను ప్రభుత్వాసుపత్రిలో కౌన్సెలర్‌ని. హెచ్‌ఐవి పరీక్షకి వచ్చినవాళ్ళతో పరీక్షకి ముందు మాట్లాడాలి, ఫలితం వచ్చాక మాట్లాడాలి, ఉందని తేలితే మందులు మానకుండా బతికినంతకాలం మాట్లాడుతూనే ఉండాలి. సూదులూ కత్తులూ నా దగ్గరుండవు. ఉన్నదల్లా నోరే. ఆ నోరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఎవరికి ఏ మాట చెబితే ఎక్కుతుందో నాకు తెలుసని అనుకునేదాన్ని.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసిందేమిటంటే, మా గది ముందు బెంచీల మీద కూర్చునేది ఎక్కువమంది ఆడవాళ్ళే. కడుపుతో ఉంటే పరీక్ష చేస్తారు, కాన్పుకి చేస్తారు, ఆపరేషన్‌కి చేస్తారు. ఆడదాని రక్తం ఏదో ఒక వంకన ఆసుపత్రికి చేరుతుంది. మగవాడి రక్తం గుమ్మం ఎక్కదు. భార్యకి ఉందని తేలాక, మీ ఆయన్ని తీసుకురామ్మా అంటే ఆయన వస్తాడు, రోడ్డవతల టీకొట్టు దాకా. అక్కడ బండి మీదే కూర్చుంటాడు. ఎంతమంది పోలీసులు చెప్పినా హెల్మెట్ పెట్టని మగమహారాజులు మా ఆసుపత్రికొచ్చే రోజున మాత్రం బుద్ధిగా పెట్టుకొచ్చేవాళ్ళు. టీ తాగేటప్పుడు తప్ప తీసేవాళ్ళు కాదు. ఇంకొందరు భార్యకి లేదని తేలేదాకా ఆగి, మా ఆవిడకి లేదన్నారుగా, నాకూ లేనట్టే అని బండి తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడ పరీక్ష రాస్తే ఈయన పాసైపోయినట్టు.

నాకు మగవాళ్ళంటేనే ఒళ్ళు మంట అని మా ల్యాబు ఆయన ఆటపట్టించేవాడు. మంటే మరి. ఇంట్లో మా ఆయనదీ అదే బాపతు. కాస్త అరటి, కాస్త వరి చేసుకునే మనిషి. జ్వరమొస్తే దుప్పటి, దెబ్బ తగిలితే పసుపు. ఆసుపత్రిలో పనిచేసే పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని ఇంతవరకూ ఒక్క రక్తపరీక్ష చేయించుకోలేదు. బయట అంతమంది మగవాళ్ళ మీద గొంతు చేసుకున్నదాన్ని, ఇంట్లో ఆ మాట గట్టిగా ఎప్పుడూ అనలేదు. ఎందుకనలేదో అప్పట్లో ఆలోచించలేదు కూడా.

ఇక ఆ గొంతున్న మనిషి, ఆయన భార్య సంగతి. ఆవిడ మొదటిసారి మా దగ్గరికొచ్చింది గర్భసంచి ఆపరేషన్ కోసం. ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల్లో బయటపడింది. నలభై ఏళ్ళుంటాయేమో. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళు, వాళ్ళకి లేదని తర్వాత తేలింది. ఫలితం చెప్పినప్పుడు చాలామంది ఏడుస్తారు, కొందరు నన్ను తిడతారు. ఆవిడ రెండూ చేయలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు కూర్చుంది. తనకెలా వచ్చిందని కాదు, ఆయనకెలా చెప్పాలని అడిగింది.

ఆయన రావులపాలెం అరటి మార్కెట్లో లారీలకి గెలలెత్తే జట్టుకి మేస్త్రి. పన్నెండుమంది ఆయన మాట మీద నడుస్తారు. ఏ లారీకి ముందు ఎత్తాలి, ఎవరు పైన నిలబడాలి, ఎవరు కింద నుంచి అందించాలి, అన్నీ ఆయన కనుసన్నల్లో జరగాలి. పడుచుతనంలో అరటి లారీల వెంట ఒడిశా దాకా వెళ్ళొచ్చేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. నేనూ పొడిగించలేదు.

ఆవిడ మందులు మొదలుపెట్టింది. చెప్పిన తేదీకి వచ్చేది, సీసా వెంట తెచ్చేది, మిగిలిన మాత్రలు నా బల్ల మీద పోసి చూపించేది. ఆయన మాత్రం రాలేదు. రెండేసి గెలలు భుజానేసుకుని లారీ ఎక్కేవాడికి జబ్బేంటని అన్నాడట. మేస్త్రి ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడని తెలిస్తే జట్టులో మాట చెల్లదన్నాడట. నేను ఫోన్ చేస్తే కట్ చేసేవాడు. ఒకరోజు ఆయన టీకొట్టు దగ్గరున్నాడని ఆవిడ చెబితే, నేనే గదిలోంచి లేచి రోడ్డు దాటి వెళ్ళాను. తెల్లకోటు కనపడగానే బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. గ్లాసులో సగం టీ అలాగే ఉంది. టీకొట్టతను ఆ డబ్బులు నన్నడగలేక, నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.

అలా ఐదు నెలలు గడిచాయి. కార్తీకం వచ్చింది.

ఒక ఉదయం మా గది గుమ్మంలో నల్లబట్టల మనిషి నిలబడ్డాడు. మెడలో మాల, నుదుట విభూతి మధ్యలో చందనం, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆయన వెనక ఆవిడ. ఆయన లోపలికి రాకుండా ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ సిగ్గుతో చితికిపోతూ లోపలికొచ్చి, స్వామి రావచ్చా అండీ, మీరు ఆ రోజుల్లో లేరు కదా అని గుసగుసగా అడిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అవి ఆగిపోయి నాలుగేళ్ళైంది, రమ్మను అన్నాను, గుమ్మం దాకా వినపడేలా.

ఆయన వచ్చి కూర్చున్నాడు. టీకొట్టు దగ్గర పారిపోయిన మనిషి ఈయనేనా అనిపించింది. చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని, తల కాస్త వంచి, "మాతా, నా రక్తం తీసుకోండి" అన్నాడు.

మాలలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళందర్నీ మాతా అనే పిలుస్తారు, భార్యని కూడా. ఆ సంగతి నాకు కొత్త కాదు. కానీ ఒక మగవాడు నా గదిలో అంత మెత్తగా మాట్లాడటం కొత్త. ఎందుకొచ్చారని అడిగితే దాచకుండా చెప్పాడు. నాలుగు నెలల నుంచి దగ్గు తగ్గట్లేదు. గెల ఎత్తితే కాళ్ళు వణుకుతున్నాయి. జట్టు చూడకుండా లారీ వెనక్కి వెళ్ళి కూర్చుంటున్నాడు. భయమేసి మాల వేసుకున్నాడు. వేసుకున్న రోజు నుంచి జట్టులో ఎవరూ మేస్త్రీ అనట్లేదు, స్వామీ అంటున్నారు. తాగట్లేదేమని అడిగేవాడు లేడు. బరువు ఎత్తకపోతే ఎందుకని అడిగేవాడు లేడు. భార్యకి దూరంగా చాప మీద పడుకుంటే ఎవరూ నవ్వట్లేదు. "మాలలో ఉన్నోడు ఎక్కడికెళ్ళినా గుడికే అనుకుంటారండీ" అన్నాడు.

ఎన్నో ఏళ్ళుగా నేను ఎంత మొత్తుకున్నా జరగని పని ఒక మాల చేసి పెట్టింది. ఆ నల్లబట్టల్లో ఉన్నన్నాళ్ళు ఆయన మగవాడిగా నిలబడాల్సిన పని లేదు. వంగి దణ్ణం పెట్టొచ్చు, భయపడొచ్చు, ఇంకొకరి మాట వినొచ్చు. అది చూసి నాకు ఆశ్చర్యమేసింది, కొంచెం కోపమూ వచ్చింది. మామూలు చొక్కాలో ఎందుకు రాలేకపోయావయ్యా అని అడగాలనిపించింది. అడగలేదు. వచ్చిందే పదివేలనుకున్నాను.

ఉందని తేలింది. ఒంట్లో శక్తి బాగా పడిపోయింది, మందులు ఆలస్యం చెయ్యొద్దని డాక్టరుగారన్నారు. ఆయన్ని మళ్ళీ నా గదిలో కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. రోజూ ఒకే టైముకి వేసుకోవాలి, తాగుడు పనికిరాదు, బాగున్నా బాగోకపోయినా మానకూడదు, జీవితాంతం వాడాలి. ఒక్కో మాటకీ ఆయన మొహం దిగిపోతోంది. చివరికి, అంత నియమం మాలాంటోళ్ళ వల్ల అవుద్దాండీ అని అడిగాడు.

అప్పుడన్నాను ఆ మాట. ఈ ఐదేళ్ళలో దాన్ని నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

"ఎందుకవదు స్వామీ? తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకోవట్లేదా? చెప్పుల్లేకుండా మార్కెట్లో తిరగట్లేదా? ఇదీ ఒక దీక్షే అనుకోండి. భజన అయ్యాక అల్పాహారం, అల్పాహారం అయ్యాక మాత్ర. నియమం తప్పకూడదు, అంతే."

ఆయన తలెత్తాడు. ఆ మొహంలో వెలుతురు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. దీక్షంటే చేస్తాను మాతా అన్నాడు. పక్కన ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను గెలిచాననుకున్నాను.

చేశాడు కూడా. నెల తిరిగేసరికి తనే వచ్చి లైన్లో నిలబడ్డాడు. టీకొట్టు వైపు చూడలేదు. ఖాళీ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక్కరోజు తప్పలేదు మాతా అన్నాడు. రెండు కిలోలు పెరిగాడు. రెండో సీసా తీసుకుని, ఇంకో ఇద్దరు స్వాములకి కూడా పరీక్ష చేయించుకోమని చెప్పానని నవ్వాడు. నిజంగానే ఆ వారంలో ఇద్దరు నల్లబట్టలవాళ్ళు వచ్చారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. ఆ తర్వాత ఎవరు మాలతో వచ్చినా నేను అదే మాట చెప్పేదాన్ని. రాజమండ్రిలో మా కౌన్సెలర్లందరికీ శిక్షణ జరిగినప్పుడు లేచి నిలబడి ఈ ముచ్చట చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు ఆ వాక్యం నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఎంతమంది రాసుకున్నారో, ఎవరెవరికి చెప్పారో నాకు తెలియదు. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

ఆయన ఇరుముడి కట్టుకుని కొండకి వెళ్ళొచ్చాడు. నాకు ప్రసాదం డబ్బా పంపించాడు. తెచ్చింది ఆవిడ. యాత్ర బాగా జరిగిందనీ, మాల తీసేశారనీ, మళ్ళీ పనిలో పడ్డారనీ చెప్పింది. రెండు మందుల పుస్తకాలు బల్ల మీద పెట్టింది, తనదీ ఆయనదీ.

రూలు ప్రకారం ఆయనే రావాలి. బరువు చూడాలి, తెచ్చిన సీసాలో మిగిలిన మాత్రలు చూడాలి, ఆరు నెలలకి మందు పనిచేస్తోందో లేదో రక్తం తీసి చూడాలి. ఇవన్నీ నాకు తెలుసు, నేనే పదిమందికి చెబుతాను. అయినా ఆవిడ చేతికే మందులిచ్చాను. ఆ నెలా ఇచ్చాను, తర్వాతి నెలా ఇచ్చాను. లారీల రద్దీ, మేస్త్రి లేకపోతే పని నడవదు అని ఆవిడ అంటే అవునవును అన్నాను. ఆరో నెల రక్తపరీక్ష వచ్చేసారికి అని రాసి వదిలేశాను. ఇప్పుడు ఆలోచిస్తే నా మీద నాకే అసహ్యమేస్తుంది. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి, ప్రతి నెలా వచ్చే ఆడదాని సీసాలో ఒక్క మాత్ర ఎక్కువుంటే నిలదీస్తాను. ఒక్కసారి మర్యాదగా వచ్చిపోయిన మగవాణ్ణి మాత్రం ఏడాదంతా నెత్తిన పెట్టుకున్నాను. ఎక్కువ లాగితే తెగిపోతాడేమో, మళ్ళీ టీకొట్టు దాకానే వస్తాడేమో అని భయం. దానికి తోడు నా వాక్యం మీద నాకున్న నమ్మకం.

ఒకసారి అడిగాను ఆవిణ్ణి, వేసుకుంటున్నారా అని. ఆయన సీసాలు ఆయన దగ్గరే ఉంటాయండీ అంది. నేను దాన్ని అవునన్నట్టే విన్నాను.

మరుసటి కార్తీకంలో, మాలలు వేసిన వారంలోనే, ఆయన వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. నల్లచొక్కా ఒంటి మీద వేలాడుతోంది. కళ్ళు లోపలికి పోయాయి. ఆవిడ రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. చేతిలో పసుపు గుడ్డ మూట. కూర్చుని, ఊపిరి తీసుకుని, మూట విప్పాడు.

మందుల సీసాలు. ప్రతి సీసా మూత మీదా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఆయన వాటిని నా బల్ల మీద వరసగా నిలబెట్టాడు.

"మాతా, మళ్ళీ మాల వేశాను. ఈసారికి ఇవే వాడుకోవచ్చా, కొత్తవి ఇస్తారా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఒక సీసా తీసి మూత తిప్పాను. కింద సీలు అలాగే ఉంది. ఇంకొకటి తీశాను, అలాగే ఉంది. నా వేళ్ళకి కుంకుమ అంటుకుంది. ఒక్క సీసా మాత్రం తెరిచి ఉంది, అందులో నాలుగైదు మాత్రలే తగ్గాయి. ఇదేంటి స్వామీ అని అడిగాను.

ఆయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. మాల తీసినరోజు రాత్రి ఆఖరి మాత్ర వేసుకుని, దణ్ణం పెట్టుకుని, దీక్ష ముగించాడట. ఒక్కరోజు తప్పకుండా చేశాడట. తర్వాత ఆవిడ తెచ్చిన సీసాలు పారెయ్యకూడదని పూజ దగ్గర ఇరుముడి గుడ్డ పక్కన పెట్టాడట. మాల లేకుండా దీక్ష మందు వేసుకోకూడదు కదా.

"మీరే కదండీ దీక్షన్నారు" అన్నాడు.

నిష్ఠూరం లేదు అందులో. నాకు గుర్తు చేస్తున్నాడంతే. జీవితాంతం అని నేను చెప్పాను. చెప్పినట్టు ఆయన పుస్తకంలో టిక్కు కూడా ఉంది. కానీ ఆ మాట అందరూ చెప్పేది, వచ్చినట్టే వెళ్ళిపోయింది. దీక్ష అన్న మాట నిలబడింది. దీక్షకి ఒక రోజు మొదలుంటుంది, ఒక రోజు ముగింపుంటుంది. నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉన్నవాడు మాల తీశాక మామూలు మనిషవుతాడు, తింటాడు, తాగుతాడు, అందులో తప్పు లేదు. అది ఈ గోదావరి గట్టున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాను.

నిజంగా అలాగే నమ్మాడా, లేక మందులు మానడానికి నా మాటలో ఒక దారి దొరికిందా అని చాలాసార్లు ఆలోచించాను. నాకు తేలలేదు. తేల్చగలిగిన మనిషి లేడు.

ఆ రోజే వార్డులో చేర్చారు. క్షయ మెదడు దాకా వెళ్ళిందన్నారు. నేను రోజూ డ్యూటీ అయ్యాక వెళ్ళి మంచం పక్కన నిలబడేదాన్ని. జట్టువాళ్ళు నల్లబట్టల్లో వచ్చి వరండాలో కూర్చునేవాళ్ళు. వాళ్ళకి పచ్చకామెర్లని చెప్పారు. మూడోరోజు గురుస్వామి వచ్చాడు. పెద్దాయన, మంచి మనిషి. ఈ స్థితిలో నియమాలు సాగవు, దోషం ఏమీ లేదు, మాల తీసేద్దామన్నాడు. ఈయన మాలని పిడికిట్లో పట్టుకున్నాడు. ఎంత చెప్పినా వదల్లేదు. అందరూ బయటికి వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"మాల తీస్తే నేను మందులేసుకోలేనండి" అన్నాడు.

తన సంగతి తనకంత బాగా తెలుసు. నాకే తెలియలేదు. నేను వెళ్ళి గురుస్వామిని బతిమాలాను. ఆయన నా మొహం చూసి, సరేనమ్మా ఉండనీ అన్నాడు. తొమ్మిదో రోజున స్పృహ తప్పింది. అప్పుడు తీశారు. గురుస్వామి మెల్లగా శరణం చెప్పుకుంటూ పిడికిలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. ఆ తర్వాత రెండు రోజులున్నాడు. ఒక మధ్యాహ్నం, వార్డులో అన్నాలు పెడుతున్న వేళ పోయాడు. మేస్త్రి మగాడిలా పోయాడు, నెలల తరబడి మంచాన పడి ఎవరిచేతా చేయించుకోలేదు అని జట్టువాళ్ళు శ్మశానంలో అనుకున్నారట. అందులో వాళ్ళకి గొప్ప కనిపించింది.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున ఆవిడ తేదీ. వచ్చింది. సీసా తెచ్చింది, మాత్రలు బల్ల మీద పోసింది. ఒక్కటీ తేడా లేదు. ఇప్పటికీ అంతే. ఒళ్ళు చేసింది, మనవరాల్ని ఎత్తుకుని వస్తుంది. మా ఇద్దరి మధ్య ఆ సీసాల మాట ఎప్పుడూ రాలేదు. నేను తేలేదు, ఆవిడా తేలేదు.

ఇప్పుడు నేను ఆ మాట ఎవరికీ చెప్పను. నల్లబట్టలవాళ్ళు ఏటా వస్తూనే ఉన్నారు. మందులు మొదలుపెట్టినవాళ్ళని, మాల ఏ రోజు తీస్తారు స్వామీ అని ముందే అడుగుతాను. ఆ మర్నాటి తేదీ వేసి, ఆ రోజు మామూలు చొక్కాలో రావాలి, మీరే రావాలి అని రాసిస్తాను. కొందరు వస్తారు. రానివాళ్ళ కోసం ఫోన్ చేస్తాను, తిట్టినా చేస్తాను.

ఈ కార్తీకంలో, పదిరోజుల క్రితం, ఆవిడ వచ్చినప్పుడు గదిలో ఎవరూ లేరు. బయట బెంచీ మీద ఇద్దరు స్వాములు కూర్చుని ఉన్నారు. ఆవిడ వాళ్ళ వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను. ఇన్నేళ్ళు దాచుకున్నది ఆగలేదు. మీ ఆయన్ని నా మాటే చంపిందమ్మా అన్నాను. అని ఏడ్చాను. ఆ గదిలో కూర్చుని ఏడ్చేది ఎప్పుడూ అవతలి కుర్చీ. ఆ రోజు నేను.

ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది, మొదటిరోజు కూర్చున్నట్టే. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఆ సీసాలకి బొట్లు పెట్టింది నేనేనండి. దసరాకి. ఆయన కత్తీ, బండీ కడిగి బొట్లు పెట్టాను. పక్కనే సీసాలున్నాయి. మూత తీసి చూశాను. సీలు అలాగే ఉంది. అన్నీ చూశాను. అన్నిటికీ బొట్లు పెట్టి, ఎక్కడివక్కడ సర్దేశాను."

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. తెలిసి ఎందుకడగలేదు, నాకైనా ఎందుకు చెప్పలేదు అని గట్టిగానే అన్నాను. బయట స్వాములు తలతిప్పి చూశారు.

"ఎలా అడగనండి? మాలలో ఉంటే అడిగేదాన్ని. అప్పుడు నన్ను మాతా అనేవారు కదా. నలభై రోజులూ నేనేం చెప్పినా విన్నారండి. మాల తీశాక మళ్ళీ మా ఆయనే. అడిగితే ఆయన మొహం ఎలా పెట్టుకుంటారో అని..." కొంగు వేలి నుంచి విప్పేసింది. "కార్తీకం వచ్చేస్తుంది కదా, అప్పుడడుగుదాం అనుకున్నాను. నెల రోజులు కూడా లేవు. మాల వేసుకున్న రోజే అడిగానండి. అడిగితేనే మూట కట్టుకుని బయల్దేరారు."

ఆవిడ మాత్రలు సీసాలో పోసుకుని, మూత బిగించి, పుస్తకం సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, మీరైతే అడుగుదురు లెండి, చదువుకున్నవాళ్ళు అంది. ఎత్తిపొడుపు కాదు. నమ్మే అంది. నేను తలూపాను.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే వీధి చివర భజన మొదలైంది. దారంతా ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. మా ఆయన కాలి బొటనవేలి మీద పుండు లేచి రెండు నెలలైంది, మానట్లేదు. తోట బురదలో తిరిగే కాలు, అదే మానుతుందంటారు. ఈ మధ్య దాహం ఎక్కువైంది, మంచినీళ్ళ చెంబు పక్కనే పెట్టుకుంటున్నారు. అది షుగరేనని ఆసుపత్రిలో ఊడ్చే మనిషికి కూడా తెలుస్తుంది. రేపు నాతో రండి, రక్తం ఇద్దురుగాని, అంతే వాక్యం. పదిసార్లు నాలో నేను చెప్పుకున్నాను.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని, ఆ కాలు స్టూలు మీద పెట్టుకుని, ఎవరితోనో ఫోన్లో గెలల రేటు మాట్లాడుతున్నారు. నన్ను చూసి, మాట ఆపకుండానే కాలు కొంచెం ముందుకు జరిపారు. నేను లోపలికెళ్ళి పసుపు గిన్నె తెచ్చాను. స్టూలు పక్కన కింద కూర్చున్నాను. ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, ఏంటలా ఉన్నావన్నారు. ఏం లేదన్నాను. పుండు మీద పసుపు అద్ది, గుడ్డ కట్టి, ఏమీ అడక్కుండా లేచి వంటింట్లోకి వెళ్ళాను.